ఫ్రాంక్ స్ప్రేగు

హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేట్ గణపతి విగ్రహములకును గాలిపటములకును ప్రసిద్ధి చెందినది. వినాయకచవితి సమీపించినచో అచటి వీథులలో విగ్రహములను గొనిపోవు బండ్లు చీమలబారువలె మెల్లగా కదలుచుండును. ఆ సమ్మర్దములో ముసలివారికిని నడువలేనివారికిని దారి దొరకుట కష్టము. ప్రతి మహానగరమునకును ఇట్టి చిక్కు కలదు. పెక్కుమందిని తక్కువ శ్రమతో ఎత్తుపల్లములు దాటించి గమ్యము చేర్చుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో తన జీవితమును ధారవోసినవాడు ఫ్రాంక్ జూలియన్ స్ప్రేగు.

స్ప్రేగు 1857వ సంవత్సరము జూలై 25వ తేదీన అమెరికాలోని మిల్‌ఫర్డు పట్టణమున జన్మించెను. బాల్యముననే తల్లి మరణింపగా మేనత్త సంరక్షణలో పెరిగెను. నౌకాదళ విద్యాలయమున చదివి 1878లో పట్టము నందెను. 1882లో లండనులో విద్యుత్ప్రదర్శనము జరిగినపుడు అచటి భూగర్భ రైలుబండ్లలో ప్రయాణము చేసెను. సొరంగములలోని బొగ్గుపొగకు జనులు ఉక్కిరిబిక్కిరి యగుట చూచి, విద్యుచ్ఛక్తితో బండ్లను నడుపవలెనని సంకల్పించెను. మరుసటి యేడు ఉద్యోగము వదలి ఎడిసను కడ చేరెను. 1884లో స్వంత సంస్థను స్థాపించెను.

ఆనాడు నగరములలో ట్రాముబండ్లను గుఱ్ఱములు లాగుచుండెను. కొండదారులలో అవి త్వరగా అలసిపోవుచుండెను. విద్యుత్తుతో నడుపుటకు కొందరు యత్నించిరి గాని, పెద్ద నగరమున నమ్మకముగా సాగినది లేదు. 1887లో స్ప్రేగు రిచ్మండు నగరమున 12 మైళ్ల మార్గమున 40 బండ్లను 90 దినములలో సిద్ధము చేయుదునని ఒడంబడిక వ్రాసి యిచ్చెను. పని సంతృప్తికరముగా నున్నగాని సొమ్ము ముట్టదు. దారులను పరీక్షింపకయే చేసిన సాహసమది. తరువాత చూడగా నిట్టనిలువు ఎక్కుడులు, మెత్తని మట్టిపై కుదురుకొనని పట్టాలు, ఇరుకు మలుపులు కానవచ్చెను. అంతలో ఆయన సన్నిపాతజ్వరమున మంచము పట్టెను.

కోలుకొనిన పిదప ఒక రాత్రి బండిని కొండపైకి నడిపి చూచెను. బండి యెక్కెను గాని, మోటారు వేడెక్కి చెడి ఆగిపోయెను. చుట్టును జనులు మూగిరి. స్ప్రేగు ఏదో చిన్న లోపమని చెప్పి, పనిముట్లు తెచ్చుటకు అనుచరుని పంపి, దీపములార్పి బండిలో పరుండెను. జనులు వెళ్లిన తరువాత ఆ పనిముట్లు వచ్చెను. అవి నాలుగు బలమైన కంచరగాడిదలు!

ఆయన నవ్వులపాలగుటకు వెఱచి పని మానలేదు. పండ్లచక్రముల కూర్పు మార్చెను. మోటారు ఒక ప్రక్క ఇరుసునకును, రెండవ ప్రక్క స్ప్రింగునకును ఆనునట్లు అమర్చెను. అందుచే గతుకులలో దెబ్బ తగులకుండెను. తల మీదుగా కట్టిన తీగనుండి పొడుగాటి కఱ్ఱ ద్వారమున బండికి విద్యుత్తు చేరెను. 1888 ఫిబ్రవరిలో ట్రాములు ప్రజల కందుబాటులోనికి వచ్చెను. ఆ పనిలో స్ప్రేగునకు మిక్కిలి ధననష్టము కలిగెను.

బోస్టను నగర ట్రాముల అధిపతి చూడవచ్చి, పెక్కు బండ్లు ఒకేచోట కదలినచో విద్యుత్తు చాలునా యని సందేహించెను. స్ప్రేగు ఒక రాత్రి 22 బండ్లను వరుసగా నిలిపి ఒకదాని వెనుక నొకటి కదలించెను. దీపములు మసకబారెను గాని బండ్లన్నియు సాగెను. కొద్ది సంవత్సరములలోనే వందకు పైగా మార్గములు ఆ పద్ధతి ననుసరించెను.

మన దేశమున మద్రాసు నగరమందు 1895లో విద్యుత్తు ట్రాములు మొదలయ్యెను. మొదట తీగను రోడ్డు క్రింది కాలువలో నుంచిరి. వానలకు నీరు నిండి అది చెడుచుండెను. కావున తల మీది తీగయే అచటను శరణ్యమయ్యెను. తెలుగువారు పెక్కుమంది యెక్కి తిరిగిన ఆ ట్రాములు 1953లో నిలిచిపోయెను.

స్ప్రేగు అంతటితో తృప్తి చెందలేదు. ఎత్తైన మేడల కెక్కుటకు విద్యుత్తు లిఫ్టులను నిర్మించెను. 1897లో రైలులోని పెట్టెల మోటార్లన్నిటిని ఒక్కచోటనుండి నడుపు ఉపాయమును కనిపెట్టెను. 1934 అక్టోబరు 25న ఆయన కీర్తిశేషుడయ్యెను.

హైదరాబాదులో ట్రాములు నడువలేదు. నిజాము రైల్వేవారు 1932లో 27 బస్సులు ప్రారంభించిరి. 2017లో మెట్రోరైలు వచ్చెను. 2020 నాటికది మూసీ తీరమున మహాత్మాగాంధీ బస్సు స్టేషను చేరెను. ఆ రైలు మోటార్లు ఒక్కచోటనుండి నడచుటయు, నడువలేనివారు లిఫ్టులో స్టేషను ఎక్కుటయు స్ప్రేగు శ్రమఫలములే. అయినను ధూల్‌పేట్ వంటి పేటలలోని నడువలేనివారు ఇంటి గడపనుండి ఆ లిఫ్టు వరకు సుఖముగా చేరినపుడే ఆయన ఆరంభించిన పని పూర్తి యగును.