పదిహేను నిమిషాలు ముందు నడిచే గడియారం

సావనీరుకు ఏదైనా వ్రాసి పంపమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు నాకు మొట్టమొదట గుర్తొచ్చింది ఒక గడియారం. పై చదువుకు అమెరికాలోని విస్కాన్సిన్ వెళ్ళిన రోజుల్లో, గ్రీన్ బే ఊళ్ళో ఫుట్‌బాల్ స్టేడియం బయట దాన్ని చూశాను. నా చేతి గడియారం కన్నా పదిహేను నిమిషాలు ముందుంది. పాడైపోయింది కాబోలు అనుకున్నాను. కాదట, కావాలనే అలా పెట్టారట. దాన్ని లొంబార్డీ టైము అంటారు. మీటింగు పదింటికంటే పావుగంట ముందే వచ్చి కూర్చోవాలి. సరిగ్గా పదింటికి వచ్చినవాడు ఆయన లెక్కలో ఆలస్యంగా వచ్చినట్టే. మన కాలేజీలో ఫస్టు పీరియడు బెల్లులోగా ఏనాడూ క్లాసుకి చేరని నాబోటివాడికి, ఈ మహానుభావుడెవరో తెలుసుకోవాలనిపించింది.

విన్స్ లొంబార్డీ 1913 జూన్ 11న న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో, ఇటలీ నుంచి వలస వచ్చిన వారి కుటుంబంలో పుట్టారు. ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు. 1939లో న్యూజెర్సీలో ఒక హైస్కూల్లో టీచరుగా చేరి, ఫిజిక్సు, కెమిస్ట్రీ, లాటిన్ చెబుతూ పిల్లల చేత ఆట ఆడించారు. తరువాత వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలోనూ, న్యూయార్క్ జెయింట్స్ జట్టులోనూ సహాయకుడిగా పనిచేశారు. వృత్తి ఫుట్‌బాల్లో ఒక జట్టుకి పెద్ద కోచ్ అయ్యేసరికి నలభై అయిదేళ్ళు వచ్చేశాయి. 1959లో గ్రీన్ బే ప్యాకర్స్ పిలిచింది. ముందటి ఏడాది ఆ జట్టు పన్నెండు ఆటల్లో గెలిచింది ఒకే ఒక్కటి. ఆయన వచ్చిన ఏడాదే ఏడు గెలిచింది.

ఈ ఆట మనలో చాలామందికి తెలియదు గనుక రెండు ముక్కలు చెబుతాను. ఆట అరవై నిమిషాలు. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు. వాటిలో పది గజాలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు. బంతి పట్టుకుని పరిగెత్తినవాడు మైదానం లోపలే పడిపోతే గడియారం నడుస్తూనే ఉంటుంది. విసిరిన బంతి ఎవరికీ చిక్కకుండా నేలపడితే ఆగుతుంది. అందుచేత పరుగును నమ్ముకున్న జట్టు బంతినీ, కాలాన్నీ కూడా గుప్పిట్లో పెట్టుకుని గెలుస్తుందని ఒక గట్టి నమ్మకం. లొంబార్డీ పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది ఈ పరుగే. స్వీప్ అనే ఒక్క ఎత్తు మీద ఆయన ఎనిమిది గంటలు పాఠం చెప్పగా విన్నానని, తరువాత పెద్ద కోచ్ అయిన జాన్ మ్యాడెన్ చెబుతుండేవారు.

మరి ఆ నమ్మకం నిజమేనా? 1960 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో జరిగిన ఛాంపియన్‌షిప్ ఆట చూడండి. ప్యాకర్స్ 401 గజాలు సాధించింది, అవతలివాళ్ళు 296. గోలు దగ్గరకు వెళ్ళాక మూడు పాయింట్లతో సరిపెట్టుకోకుండా, నాలుగో ప్రయత్నంలో ఆశకి పోయి వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఆఖరి క్షణాల్లో జిమ్ టేలర్‌ని గోలుకి పది గజాల లోపే పడగొట్టి, గడియారం సున్నా అయ్యేదాకా లేవనివ్వలేదు చక్ బెడ్నారిక్. 17–13తో లొంబార్డీ ఓడిపోయారు.

నాకు అర్థమైనది ఇది. ఒకరి తరువాత ఒకరికి బంతి వస్తుంది గనుక, ఎంతసేపు ఉంచుకున్నా ఇద్దరికీ వంతులు దాదాపు సమానమే. కాలం మింగేస్తే ఇద్దరి వంతులూ తగ్గుతాయి, అంతే. వంతులు తగ్గితే అదృష్టానికి చోటు పెరుగుతుంది, కనుక అది బలహీనుడికి పనికొచ్చే ఎత్తు. పైగా గెలుస్తున్నవాడు చివర్లో ఎలాగూ పరుగులతో కాలం గడుపుతాడు. మర్నాడు లెక్కలు చూసినవాడు, కాలం పట్టుకున్నందువల్లే గెలిచాడనుకుంటాడు. 1991 జనవరి సూపర్ బౌల్‌లో జెయింట్స్ నలభై నిమిషాలకు పైగా బంతి ఉంచుకుని 20–19తో గెలిచింది. 2009లో మయామీ నలభై అయిదు నిమిషాలు ఉంచుకుని కూడా కోల్ట్స్ చేతిలో 27–23తో ఓడింది.

లొంబార్డీకి ఈ సంగతి తెలుసనడానికి 1967 డిసెంబరు 31 సాక్ష్యం. గ్రీన్ బేలో సున్నాకి దిగువన ఇరవై అయిదు డిగ్రీల చలి. డల్లాస్ 17–14తో ముందుంది. మిగిలింది అయిదు నిమిషాల లోపు, పోవలసింది 68 గజాలు. పరుగుల జట్టని పేరుపడ్డ ప్యాకర్స్ ఆ దూరంలో ఎక్కువ భాగం చిన్న చిన్న పాసులతోనే దాటింది. చివరికి పదహారు సెకండ్లు, గజం లోపు దూరం. ఆఖరి టైమౌట్ కూడా వాడేశారు. బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చుకుంటే సమానం. పరిగెత్తి ఆగిపోతే గడియారం ఆపే దారి లేదు, సర్వం పోతుంది. పరుగుకే ఒప్పుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ తానే బంతితో గడ్డకట్టిన నేల మీద గోల్లోకి పడ్డాడు. ప్యాకర్స్ 21, డల్లాస్ 17.

1961, 62, 65, 66, 67 సీజన్లలో అయిదు ఛాంపియన్‌షిప్‌లు, మొదటి రెండు సూపర్ బౌల్‌లు ఆయనవే. 1969లో వాషింగ్టన్ జట్టుకి వెళ్ళి ఒకే ఒక్క సీజను నడిపారు. 1970 సెప్టెంబరు 3న క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి ఆయనకి యాభై ఏడేళ్ళు. అందరికన్నా పావుగంట ముందుండే మనిషికి కాలమే తక్కువ పడింది. ఇప్పుడు సూపర్ బౌల్ గెలిచినవారికిచ్చే ట్రోఫీ ఆయన పేరుమీదే ఉంది.

మిత్రులారా, ఫైనలియర్ పరీక్షల్లో నేను మూడు గంటలూ కదలకుండా కూర్చుని, అడిషనల్ షీట్ల మీద షీట్లు తీసుకుని, ఒక పేపరు తప్పాను. రెండు గంటల్లో లేచిపోయిన నా రూమ్మేటుకి ఫస్టు క్లాసు వచ్చింది. పెన్ను నా చేతిలోనే ఎక్కువసేపు ఉంది మరి! ఆ గ్రీన్ బే గడియారం ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ పేపరే గుర్తొచ్చింది.