గుండుసూదుల ఏనుగు కట్టిన కార్ఖానా

పత్రికలో పడిన కుట్టుపని నమూనాని కత్తిరించి దాచుకోని ఆడవాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? తీరిక దొరికినప్పుడు కుడదాంలే అని పాత డైరీలోనో, బీరువాలో చీరల కిందో పెడతాం. వాటిలో చాలా భాగం అక్కడే రంగు మారి, మడతల దగ్గర చిరిగిపోతాయి. కానీ అలాంటి ఒక నమూనా జర్మనీలో ఓ చిన్న ఊరికి ప్రపంచమంతా పేరు తెచ్చిపెట్టింది. 1879 డిసెంబర్‌లో ‘డీ మోడెన్‌వెల్ట్’ అనే ఆడవాళ్ల ఫ్యాషన్ పత్రికలో వచ్చిన చిట్టి ఏనుగు నమూనా అది. దాన్ని చూసి కుట్టినామె పేరు మార్గరెటె స్టైఫ్. అప్పటికి ఆమెకు ముప్ఫై రెండేళ్లు. రెండు కాళ్లూ కదలవు. కుడి చెయ్యి సరిగా లేవదు.

టెడ్డీ బేర్ తెలియని పిల్లలుంటారా? ఆ ఎలుగుబొమ్మ పుట్టిన రెండు ఇళ్లలో ఒకటి ఈమెది. ఊలుతో క్రోషా బొమ్మలు అల్లే అలవాటున్న నాకు మార్గరెటె కథ అంటే ప్రత్యేకమైన ఇష్టం. బొమ్మ ముద్దుగా ఉందని కాదు. చేతిపనికి ఒక లెక్క, ఒక ధర, ఒక పేరు ఉండాలని ఆమె జీవితం చెబుతుంది కనుక.

తిరగేసిన కుట్టుమిషను

మార్గరెటె 1847 జులై 24న గీంగెన్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి ఇళ్లు కట్టే మేస్త్రీ. ఇద్దరు అక్కలు, ఒక తమ్ముడు. ఏడాదిన్నర వయసులో విపరీతమైన జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ కాళ్లు చచ్చుబడ్డాయి. అది పోలియో అని తరువాత తేలింది. పోలియో టీకా రావడానికి అప్పటికి ఇంకా నూరేళ్ల పైనే ఉంది మరి! తొమ్మిదో ఏట దూరపు ఊరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. వేడినీటి బుగ్గల దగ్గర ఉంచి వైద్యం చేయించారు. ఏదీ ఫలించలేదు.

అయినా బడి మానలేదు. తోబుట్టువులు, ఇరుగుపొరుగు పిల్లలు చేతిబండిలో కూర్చోబెట్టి లాక్కెళ్లేవాళ్లు. కుట్టు నేర్చుకుంటానని పట్టుబట్టింది. కుడి చెయ్యి సాగని పిల్లకి సూదిపని ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది కదా! ఆమె మాత్రం పదిహేడేళ్లకల్లా కుట్టుపని నేర్చేసుకుంది. జిథర్ అనే తీగల వాయిద్యం కూడా నేర్చుకుని, పిల్లలకు పాఠాలు చెప్పి కాస్త డబ్బు కూడబెట్టింది. ఆ డబ్బుతో కుట్టుమిషను కొన్నారు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉంది. మిషను చక్రం కుడివైపున ఉంటుందని మనకి తెలుసు. దాన్ని తిప్పాల్సింది కుడి చెయ్యి. మార్గరెటెకి బలం లేనిది ఆ చేతిలోనే. ఏం చేసిందంటారా? మిషనునే తిప్పి పెట్టించుకుంది! వెనకవైపు ముందుకొచ్చింది, చక్రం ఎడమ చేతికి అందింది. అంతే, కుట్టు సాగిపోయింది. తనకు సరిపడని వస్తువు ఎదురైతే తనలోనే లోపముందని ఊరుకోకుండా, ఆ వస్తువును తన వైపు తిప్పుకుంది.

1877లో ఆమె ఫెల్ట్ బట్టల దుకాణం పెట్టింది. ఫెల్ట్ అంటే నేసిన బట్ట కాదు. ఉన్నిని తడిపి, వేడి తగిలించి, నొక్కి దట్టంగా చేసిన గుడ్డ. కత్తిరించినా అంచులు పీచులు రావు, మడిచి కుట్టాల్సిన పని లేదు. బంధువుల ఫెల్ట్ కర్మాగారం ఆ ఊళ్లోనే ఉండేది. ఆ గుడ్డతో లోపావడాలు, పిల్లల కోట్లు కుట్టి అమ్మేది. వ్యాపారం పెరిగి పనికి మనుషుల్ని కూడా పెట్టుకుంది.

సూదుల దిండు కాస్తా బొమ్మయింది

ఆ రోజుల్లోనే పత్రికలో ఏనుగు నమూనా కంటపడింది. ఫెల్ట్ గుడ్డతో కుట్టి, లోపల మెత్తని గొర్రె ఉన్ని కూరింది. అది బొమ్మ అనుకుని కాదు, గుండుసూదులు గుచ్చుకునే దిండుగా. చుట్టాలకీ స్నేహితులకీ ఇచ్చింది. ఆ ఇళ్లలో పిల్లలు సూదులు తీసేసి ఏనుగుని ఎత్తుకుపోయి ఆడుకోవడం మొదలుపెట్టారు! అప్పట్లో పిల్లల బొమ్మలు ఎక్కువగా కర్రవి, రేకువి, పింగాణీవి. కౌగిలించుకుని పడుకోవడానికి వీలుండేవి కావు. ఈ మెత్తని ఏనుగు అందుకే నచ్చింది.

మెత్తని బొమ్మ చెయ్యడం చూసినంత తేలిక కాదు. ఈ మధ్య నేను అల్లుతున్నవి ఆక్టోపస్ బొమ్మలు. ముందు చిన్న ఉచ్చు వేసి అందులో ఆరు కుట్లు. రెండో వరసలో ఒక్కో కుట్టులో రెండేసి వేస్తే పన్నెండు. ఆ తరువాత పద్దెనిమిది, ఇరవై నాలుగు... ఇలా వరసకి ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే గుండ్రని తల వస్తుంది. మళ్లీ ఆరు చొప్పున తగ్గించుకుంటూ, మూతి మూసుకుపోకముందే దూది కూరాలి. వదులుగా కూరితే తల వాలిపోతుంది. బిగించి కూరితే కుట్ల సందుల్లోంచి దూది తొంగిచూస్తుంది. ఎనిమిది కాళ్లూ గొలుసుకుట్టుతో వేసి, ఒక్కో గొలుసులో రెండు మూడు కుట్లు ఇరికిస్తే వాటంతట అవే మెలికలు తిరుగుతాయి. చిన్న పిల్లల కోసమైతే కళ్లకి గుండీలు వద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. దారంతోనే కుట్టెయ్యడం మంచిది.

గుడ్డ ఏనుగైనా ఊలు ఆక్టోపస్ అయినా సూత్రం ఒకటే. చదునుగా ఉన్నదాన్ని గుండ్రంగా మార్చాలి, కూరాలి, కుట్టు కనబడకుండా మూయాలి. మార్గరెటె ఈ పనిలో దిట్ట. వ్యాపారం ఎంత పెరిగినా కొత్త బొమ్మల నమూనాలు మొదట తనే కుట్టి, బాగుందనుకున్నాకే బయటికి పంపేది.

లెక్క మొదలైంది

తమ్ముడు ఫ్రిట్స్ ఒకసారి సంచీ నిండా ఏనుగులు వేసుకుని పక్క ఊరు హైడెన్‌హైమ్ సంతకు పట్టుకెళ్లాడు. అన్నీ అమ్ముడయ్యాయి. 1886 నాటికి ఏడాదికి అయిదు వేలకు పైగా ఏనుగులు అమ్ముడుపోయాయి. ఏనుగు వెనకాలే గాడిద, గుర్రం, పంది, ఒంటె వచ్చాయి. 1893లో తన పేరుతోనే బొమ్మల కంపెనీని నమోదు చేయించింది. చక్రాల కుర్చీలో కూర్చునే ఒంటరి స్త్రీ, నూట ముప్ఫై ఏళ్ల కిందట!

1897లో ఫ్రిట్స్ కొడుకు రిచర్డ్ అత్త దగ్గర పనికి చేరాడు. జంతుప్రదర్శనశాలలో ఎలుగుబంట్ల బొమ్మలు గీసుకునేవాడు. 1902లో కాళ్లూ చేతులూ కదిలే ఎలుగుబొమ్మను తయారుచేశాడు. ఒళ్లంతా మొహేర్ ఉన్ని బొచ్చు. అది ఖరీదైన సరుకు. ఇది అమ్ముడవుతుందా అని మార్గరెటె మొదట సందేహించింది. అయినా మేనల్లుణ్ని అడ్డుకోలేదు. 1903లో లైప్జిగ్ సంతలో అమెరికా వ్యాపారి ఒకరు మూడు వేల ఎలుగులు కావాలని ఆర్డరిచ్చాడు.

అమెరికాలో అప్పటికే ఎలుగుల మోజు మొదలైంది. 1902 నవంబర్‌లో అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ వేటకెళ్లి, కట్టేసిన ఎలుగును కాల్చనన్నాడట. ఆ వార్తకి పత్రికలో కార్టూన్ వేశారు. అది చూసి న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మారిస్ మిచ్‌టమ్, అతని భార్య రోజ్ ఓ ఎలుగుబొమ్మ కుట్టి దుకాణంలో పెట్టారు. రూజ్‌వెల్ట్ ముద్దుపేరు మీదే అది టెడ్డీ అయింది. రెండు దేశాల్లో, ఇంచుమించు ఒకే కాలంలో, రెండిళ్లలోనూ సూదిపట్టిన ఆడవాళ్లు. చిత్రంగా లేదూ?

1903లోనే గీంగెన్‌లో ఉక్కు, గాజులతో కొత్త కార్ఖానా కట్టారు. గోడలన్నీ గాజే కాబట్టి లోపల పనిచేసే అమ్మాయిలు బయటికి కనిపించేవాళ్లు. ఊళ్లోవాళ్లు దానికి కన్నెపిల్లల అక్వేరియం అని పేరు పెట్టేశారు! వేళాకోళం ఎలా ఉన్నా, కుట్టుపనికి కావలసింది వెలుతురే కదా. మసక దీపం కింద నల్లదారం ఎక్కించిన వాళ్లకి ఆ గాజు గోడల విలువ తెలుస్తుంది.

చెవిలో గుండీ

బొమ్మలకు గిరాకీ పెరిగితే నకళ్లు రాకుండా ఉంటాయా? అందుకని 1904లో మరో మేనల్లుడు ఫ్రాంజ్ ఓ ఉపాయం చెప్పాడు. ప్రతి బొమ్మ చెవికీ ఒక లోహపు గుండీ బిగించడం. మొదటి గుండీల మీద తొండమెత్తిన ఏనుగు బొమ్మ ఉండేది. అవును, ఆ గుండుసూదుల ఏనుగుకే ఆ గౌరవం! ఆ తరువాత స్టైఫ్ అనే పేరు వచ్చింది. ఇది ఎవరి పనో ఆ గుండీ చెబుతుంది.

1907 వచ్చేసరికి ఆ ఒక్క ఏడాదే 9,74,000 ఎలుగులు తయారయ్యాయి. కార్ఖానాలో 400 మంది, ఇళ్ల దగ్గర కుట్టేవాళ్లు 1,800 మంది. రెండేళ్లకే, 1909 మే 9న, మార్గరెటె న్యుమోనియాతో కన్నుమూసింది. వయసు అరవై ఒకటి. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. కంపెనీని మేనల్లుళ్లు నడిపారు.

ఆ 1,800 మంది గురించి నేను తరచూ ఆలోచిస్తాను. బొమ్మ చెవిలో వాళ్ల పేర్లు లేవు. మన దగ్గర నర్సాపురం సంగతి తెలిసిందే. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన క్రోషా లేసు గోదావరి పల్లెల్లో ఇంటింటికీ పాకింది. జర్మనీ నుంచే వచ్చిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ లేసు అల్లే స్త్రీల మీద 1982లో ఒక పుస్తకం రాసింది. ఇంటి చాకిరీ అయ్యాక గంటల తరబడి అల్లినా, ఇంట్లో ఊరికే కూర్చుని చేసే కాలక్షేపంగా చూడటం వల్లే వాళ్లకు దక్కే కూలి అంత తక్కువని ఆమె తేల్చింది. లేసు దేశాలు దాటిపోయింది. అల్లిన చేతులు మాత్రం అరుగు దాటలేదు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది, సంతోషం. అల్లే మనిషి కూలి పెరిగినప్పుడే ఆ సంతోషం పూర్తవుతుంది.

నా ఆక్టోపస్‌లు చూసినవాళ్లు ముచ్చటపడతారు. ధర చెప్పగానే, ఖాళీగా ఉన్నప్పుడు చేసేదేగా అంటారు. ఊలు ఖర్చు అందరికీ కనిపిస్తుంది, తల, ఎనిమిది కాళ్లు అల్లడానికి పట్టిన రెండు సాయంత్రాలు ఎవరికీ కనిపించవు. మీరూ ఏదో ఒకటి కుట్టేవాళ్లో, అల్లేవాళ్లో అయితే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. దారం ఎంత, దూది ఎంత, ఎన్ని గంటలు పట్టింది, అన్నీ రాయండి. ఊరికే ఇచ్చినా సరే, రాసే ఇవ్వండి. బొమ్మ అడుగున ఓ మూల మీ పేరులోని మొదటి అక్షరం దారంతో కుట్టండి. గుండీ బిగించడానికి కార్ఖానా కావాలేమో గానీ, అక్షరం కుట్టడానికి మీ సూది చాలు!