పురుగు వెనుక పూర్తి కథ చెప్పిన మరియా

తొలకరి పడిందంటే చాలు, మా ఏర్పేడు వైపు వీధిదీపాల చుట్టూ రెక్కల పురుగులు ముసురుకుంటాయి. పొద్దున్నే వాకిలి ఊడిస్తే చీపురుకు గుప్పెడు రెక్కలు తగులుతాయి. వేలిగోరంత ఉన్నవి, ఎండుటాకును పోలినవి, తెల్లటి రెక్కల మీద నల్లచుక్కలున్నవి... ఎన్ని రకాలో! అన్నిటినీ కలిపి మనం దీపం పురుగులు అనేస్తాం. ఏ పురుగు ఏ చెట్టు ఆకు తిని పెరిగింది, గూడు కట్టాక ఎన్నాళ్లకు రెక్కలొచ్చాయి అని అడిగితే చెప్పగలిగినవాళ్లు తక్కువ. సరిగ్గా ఈ ప్రశ్నలే వేసుకుని, జవాబుల కోసం జీవితమంతా వెచ్చించిన స్త్రీ ఒకరున్నారు. ఆమె పేరు మరియా సిబిల్లా మెరియన్.

పట్టుపురుగుతో మొదలు

మరియా 1647 ఏప్రిల్ 2న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తండ్రి పేరున్న చిత్రకారుడు, పుస్తకాలు అచ్చువేసేవాడు. ఆమెకు మూడేళ్లప్పుడే ఆయన పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. మారుతండ్రి జాకబ్ మారెల్ పూలబొమ్మలు వేయడంలో దిట్ట. కూతురికి కుంచె పట్టడం నేర్పింది ఆయనే.

పదమూడో ఏట మరియా పట్టుపురుగుల్ని పెంచి చూసింది. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు ఆడవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. మల్బరీ ఆకు కోసి వేయడం, పురుగులు జ్వరానికి పడుకున్నాయా లేచాయా అని చూసుకోవడం, చంద్రికల మీదికి ఎక్కించడం... అదంతా వాళ్లకు రోజూ చేసే పనే. మన ఇళ్లలో అది బతుకుతెరువు. ఆ పిల్లకు మాత్రం అదో పెద్ద అబ్బురం. పట్టుపురుగు ఇలా మారుతుంటే, పెరట్లో కనిపించే మిగతా కంబళిపురుగుల సంగతేమిటి అనుకుంది. దొరికిన ప్రతి పురుగునూ డబ్బాలో పెట్టి, అది తినే ఆకే తెచ్చి వేసి కాపలా కాసింది.

అప్పట్లో చాలామంది పురుగులు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతటవే పుడతాయని నమ్మేవారు. మంత్రగత్తెలంటూ ఆడవాళ్లను శిక్షించే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. అలాంటి కాలంలో ఒక ఆడపిల్ల ఇంటినిండా పురుగుల డబ్బాలు పెట్టుకుందంటే ఎంత మొండి ధైర్యమో ఊహించండి.

ఇల్లు, పిల్లలు, పురుగులు

1665లో మారుతండ్రి శిష్యుడు, చిత్రకారుడు అయిన యోహాన్ గ్రాఫ్‌తో పెళ్లయింది. ఇద్దరు కూతుళ్లు పుట్టారు. కాపురం న్యూరెంబర్గ్‌కు మారింది. అక్కడ మరియా పెద్దింటి ఆడపిల్లలకు బొమ్మలు, బుటేదారీ పని నేర్పేది. కుట్టుపనికి పనికొచ్చే పూల నమూనాలతో పుస్తకాలు వేసింది. సంసారం నడుస్తూనే ఉంది. పురుగులకు ఆకు వేయడమూ ఆగలేదు.

1679లో ఆమె గొంగళిపురుగుల పుస్తకం మొదటి భాగం వచ్చింది. అందులో 50 చిత్రాలు. 1683లో మరో 50 చిత్రాలతో రెండో భాగం. అంతకుముందు పుస్తకాల్లో పురుగుల్ని చాలావరకు మేకు కొట్టినట్టు విడివిడిగా చూపించేవారు. మరియా అలా చేయలేదు. ఒక మొక్క, దాని ఆకు మీద పురుగు, పక్కన గూడు, పైన ఎగిరే సీతాకోకచిలుకో చిమ్మటో... ఒక జీవి కథంతా ఒక్క పేజీలో! కొన్నింటికి గుడ్లు కూడా. అది ఎప్పుడు గూడు కట్టిందో, ఎప్పుడు బయటికొచ్చిందో పక్కనే రాసింది. అదీ పండితులకే అర్థమయ్యే లాటిన్‌లో కాదు, ఇంట్లో మాట్లాడే జర్మన్‌లో.

ఒక్కోసారి ఎంతో జాగ్రత్తగా పెంచిన పురుగులోంచి చిమ్మట రాకుండా చిన్న చిన్న ఈగల్లాంటివి వచ్చేవి. అనుకున్నది రాలేదని ఆమె దాచలేదు, చూసింది చూసినట్టు రాసింది. అవి పురుగు ఒంట్లోనే పెరిగే పరాన్నజీవులని మనకు ఇప్పుడు తెలుసు. పైర్లలో పురుగు గుడ్లను మట్టుపెట్టడానికి రైతులు కట్టే ట్రైకోగ్రామా కార్డుల్లో ఉండేవీ అలాంటి పరాన్నజీవులే.

కాపురం వదిలి, సముద్రం దాటి

భార్యాభర్తల మధ్య పొసగలేదు. 1685లో మరియా తల్లినీ కూతుళ్లనూ తీసుకుని హాలండ్‌లోని ఒక మతసమాజంలో చేరిపోయింది. భర్త వచ్చి పిలిచినా తిరిగి వెళ్లలేదు. తర్వాత విడాకులయ్యాయి. తల్లి పోయాక, 1691లో ఆమ్‌స్టర్‌డామ్ చేరి సొంతకాళ్ల మీద నిలబడింది. బొమ్మలు అమ్మింది, రంగులు అమ్మింది, పాఠాలు చెప్పింది.

ఆ ఊళ్లో శ్రీమంతుల ఇళ్లలో దూరదేశాల నుంచి తెచ్చిన పురుగులు అద్దాల పెట్టెల్లో ఉండేవి. అన్నీ చచ్చినవే. ఏం తిని పెరిగాయో, ఎలా మారాయో ఎవరికీ తెలియదు. అది తెలుసుకోవాలని 1699లో, 52 ఏళ్ల వయసులో, ఉన్న బొమ్మలు అమ్మి, వీలునామా రాసి, 21 ఏళ్ల చిన్న కూతురు డొరొతియాతో దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కింది. మగతోడు లేదు.

అక్కడి డచ్చి దొరలకు చెరకు తప్ప మరోటి పట్టదు. పురుగుల కోసం తిరిగే ఈ ముసలావిడను చూసి వాళ్లు నవ్వుకున్నారు. ఆమె మాత్రం అడవిలో దారి చేయించుకుని మరీ తిరిగింది. దారి కొట్టింది, పురుగుల్ని తెచ్చిచ్చింది, మొక్కల గుణాలు చెప్పింది అక్కడి ఆదివాసులు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. వాళ్లు చెప్పారని మరియా రాసింది కానీ, వాళ్ల పేర్లు రాయలేదు. ఈ వెలితిని కూడా మనం గుర్తుంచుకోవాలి.

మన ఇళ్ల ముందు పెంచుకునే రత్నగంధి మొక్క ఉంది చూడండి, దాని బొమ్మ పక్కన మరియా రాసిన సంగతి చదివితే మనసు కలుక్కుమంటుంది. తమ బిడ్డలు కూడా బానిసలు కాకూడదని అక్కడి స్త్రీలు దాని విత్తనాలతో గర్భం పోగొట్టుకునేవారట. ఆ మాట వాళ్లే తనకు చెప్పారని ఆమె నమోదు చేసింది. అందమైన పువ్వు కింద అంత దుఃఖాన్ని రాసిపెట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు.

జబ్బు చేయడంతో 1701లో తిరుగు ప్రయాణం కట్టింది. 1705లో 60 చిత్రాలతో సురినామ్ పుస్తకం వెలువడింది. అనాసపండు, జామ, కర్రపెండలం మొక్కల మీద వాటి వాటి పురుగులు!

మెచ్చినవాళ్లు, వెక్కిరించినవాళ్లు

జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఆమె చిత్రాలను ఆధారంగా తీసుకున్నాడు. తర్వాత శతాబ్దంలో కొందరు వెక్కిరించారు. సాలీడు పిట్టను తినడమేమిటి, అంతా కట్టుకథ అన్నారు. 1863లో హెన్రీ బేట్స్ అమెజాన్ అడవుల్లో అలాంటి సాలీడును స్వయంగా చూసి రాశాక ఆ నోళ్లు మూతపడ్డాయి. ఆమె బొమ్మల్లో కొన్ని పొరపాట్లూ ఉన్నాయి. అయితే వాటివల్ల ఆమె చేసిన పని విలువ తగ్గదు.

1715లో పక్షవాతం వచ్చింది. 1717 జనవరి 13న మరియా కన్నుమూసింది. గొంగళిపురుగుల మూడో భాగాన్ని డొరొతియా అదే ఏడాది అచ్చువేయించింది. రష్యా చక్రవర్తి పీటర్ ఆమె చిత్రాలను కొనిపించాడు. జర్మనీ 1992లో తెచ్చిన 500 మార్కుల నోటు మీద ఆమె బొమ్మ వేసింది.

మనకేమిటి లాభం?

పురుగు కథంతా తెలిస్తే లాభమేమిటో మా సీమలో శెనక్కాయ పండించే ఇంటినడగండి. ఎర్ర గొంగళిపురుగు నేలలో నిద్రపోయి, మంచి వాన పడగానే చిమ్మటగా బయటికొస్తుంది. అది తెలుసు కాబట్టే రైతులు ఆ రాత్రుల్లో మంటలు వేసి, దీపాలు పెట్టి వాటిని రప్పించి చంపుతారు. గుడ్లు పెట్టకముందే సగం పని అయిపోతుంది.

అడవి చెట్ల మీది చిన్న చిమ్మటల సంగతి ఇంకా కష్టం. జార్జ్ హాంప్సన్ 1892-96 మధ్య మన దేశపు చిమ్మటలను నాలుగు సంపుటాల్లో వర్ణించాడు. అయినా వేలిగోరంత వాటిలో చాలావాటిని రెక్కలు చూసి తేల్చలేం. సూక్ష్మదర్శిని కింద ఒంటి భాగాలు చూడాల్సిందే. అలాంటప్పుడు అది ఏ ఆకు తిన్నదో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ఆ సంగతి రాసిపెట్టడానికి పెద్ద చదువులక్కర్లేదు. ఇప్పుడు మా ఏర్పేడు మండలంలోనే ఐఐటీ, ఐసర్ లాంటి పెద్ద విద్యాసంస్థలున్నాయి. కానీ కరివేపాకు మీద, నిమ్మచెట్టు మీద పాకే పురుగును రోజూ చూసేది మనమే కదా!

ఈసారి పెరట్లో పురుగు కనిపిస్తే వెంటనే నలిపేయకండి. నూగున్న వాటిని చేత్తో ముట్టుకోకండి, దద్దురు లేస్తుంది. ఆకుతో సహా గాలి తగిలే డబ్బాలో పెట్టి, పిల్లల చేత తేదీ, చెట్టు పేరు రాయించండి. రోజూ అదే చెట్టు తాజా ఆకు వేయండి. గూడు కట్టిన రోజు, రెక్కలొచ్చిన రోజు కూడా రాయించి, ఒక ఫొటో తీసి వదిలేయండి. మరియా పదమూడో ఏట మొదలుపెట్టింది ఇంతకంటే పెద్ద పనేమీ కాదు.