యలవర్తి నాయుడమ్మ

డాక్టర్ యలవర్తి నాయుడమ్మ (సెప్టెంబరు 10, 1922 - జూన్ 23, 1985) ప్రముఖ తెలుగు శాస్త్రవేత్త, తోళ్ళ పరిశ్రమ నిపుణుడు. మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకు (సి.ఎల్.ఆర్.ఐ.) దీర్ఘకాలం సంచాలకుడిగా పనిచేసి, దానికి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చాడు.

బాల్యము, విద్యాభ్యాసము

నాయుడమ్మ గుంటూరు జిల్లా (ప్రస్తుతం బాపట్ల జిల్లా) అమృతలూరు మండలం యలవర్రు గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియెట్, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రంలో పట్టభద్రత పూర్తిచేశాడు. తోలు పనిని సమాజం అంటరాని వృత్తిగా చూస్తున్న ఆ రోజుల్లో ఆయన దానినే తన శాస్త్రంగా ఎంచుకున్నాడు. ఇంగ్లండులో శిక్షణ పొంది, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పట్టా అందుకొన్నాడు.

తోళ్ళ పరిశోధన

1948లో స్థాపించబడిన సి.ఎల్.ఆర్.ఐ.కి నాయుడమ్మ 1958 నుండి 1971 వరకు సంచాలకుడు. అప్పట్లో భారతదేశం ప్రధానంగా పచ్చి తోళ్ళను, సగం శుద్ధిచేసిన తోళ్ళను ఎగుమతి చేసేది. వాటితో చెప్పులు, సంచులు తయారుచేసి లాభం గడించేది విదేశాలే. పూర్తిగా తయారైన తోలునే ఎగుమతి చేయాలన్న విధానానికి కావలసిన సాంకేతిక బలం సి.ఎల్.ఆర్.ఐ. నుండే వచ్చింది. 1972లో సీతారామయ్య సంఘం సిఫారసులను అనుసరించి, 1973లో ప్రభుత్వం పచ్చి తోళ్ళ ఎగుమతిని నిలిపివేసి, సగం శుద్ధిచేసిన తోళ్ళ ఎగుమతికి పరిమితి విధించింది.

వ్యర్థాల వినియోగము

ఒక టన్ను పచ్చి తోళ్ళ నుండి లభించే తోలు సుమారు 200 కిలోలు మాత్రమే. మిగిలినది వ్యర్థంగా పోతుంది. అందువలన సి.ఎల్.ఆర్.ఐ. పరిశోధనలలో ఉప ఉత్పత్తులకు ముఖ్య స్థానం లభించింది. తోలు లోపలి వైపున అంటుకొని ఉండే మాంసపు పొరల నుండి జిగురు, జెలటిన్, కొవ్వు తీయవచ్చును. వెంట్రుకలు ఎరువుగా పనికివస్తాయి. తోలును ఒకే మందానికి గీసినపుడు రాలే పొట్టుతో బూట్లకు వాడే తోలు అట్టలు తయారవుతాయి. చనిపోయిన పశువుల ఎముకలు, కొవ్వు, కొమ్ములను కూడా సద్వినియోగం చేసే పద్ధతులు రూపొందాయి. గ్రామాలలో తోలు ఒలిచే నిరుపేదకు పశువు కళేబరమే ఆదాయ వనరు గనుక, ఈ పరిశోధన అతని బ్రతుకుకు సంబంధించినది.

ఆయన తదనంతరం ఈ కృషి క్రోమియం లవణాల వైపు విస్తరించింది. శుద్ధిలో వాడే క్రోమియంలో సుమారు మూడింట ఒక వంతు తోలుకు పట్టక నీటిలో పోతుంది. మెగ్నీషియం ఆక్సైడుతో దానిని అవక్షేపంగా మార్చి, గంధకికామ్లంలో కరిగించి మరల శుద్ధికి వాడే పద్ధతిని సి.ఎల్.ఆర్.ఐ. ప్రచారంలోకి తెచ్చింది. తమిళనాడు తోళ్ళ కర్మాగారాల కాలుష్యంపై 1996లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన పిదప ఇటువంటి పద్ధతుల అవసరం మరింత స్పష్టమైంది.

ఇతర పదవులు

1971 నుండి 1977 వరకు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలికి (సి.ఎస్.ఐ.ఆర్.) నాయుడమ్మ డైరెక్టర్ జనరల్‌గా ఉన్నాడు. ఆ కాలంలో కరీంనగర్ జిల్లాను ఎన్నుకొని, ప్రయోగశాలల విజ్ఞానాన్ని పల్లెల అభివృద్ధికి ఉపయోగించే పథకాన్ని చేపట్టాడు. 1981-82లో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా పనిచేశాడు. 1971లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ పురస్కారం ప్రదానం చేసింది.

మరణము

1985 జూన్ 23న కెనడా నుండి తిరిగి వస్తుండగా, ఆయన ప్రయాణిస్తున్న ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానం బాంబు పేలుడు వలన ఐర్లండు తీరం వద్ద సముద్రంలో కూలిపోయింది. ఈ దుర్ఘటనలో మరణించిన 329 మందిలో నాయుడమ్మ ఒకడు.