జేమ్స్ విల్సన్

జేమ్స్ విల్సన్ (జూన్ 3, 1805 - ఆగష్టు 11, 1860) స్కాట్లండుకు చెందిన వ్యాపారి, పత్రికాధిపతి, ఆర్థిక వేత్త, బ్రిటిషు రాజకీయ నాయకుడు. భారతదేశంలో ఆధునిక ఆదాయపు పన్నును మొదటిసారిగా ప్రవేశపెట్టిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. "ది ఎకానమిస్ట్" పత్రికను, చార్టర్డ్ బ్యాంకును స్థాపించాడు. 1859లో భారత ప్రభుత్వ ఆర్థిక సభ్యునిగా కలకత్తాకు వచ్చి, తొమ్మిది నెలలు తిరగకుండానే అక్కడే మరణించాడు. ఆ స్వల్పకాలంలో ఆయన వేసిన పునాదులు దేశ ఆర్థిక వ్యవస్థలో నేటికీ కనిపిస్తాయి.

బాల్యం, వ్యాపారం

విల్సన్ స్కాట్లండులోని హావిక్ పట్టణంలో ఒక క్వేకరు కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఉన్ని బట్టల తయారీదారు. పదిహేను మంది సంతానంలో ఈయన నాలుగవవాడు. క్వేకరు పాఠశాలలలో చదివిన తరువాత 16 ఏళ్ళ వయసులో టోపీలు తయారుచేసే ఒక వ్యాపారి వద్ద పనిలో చేరాడు. కొంతకాలానికి తండ్రి ఆ వ్యాపారాన్నే కొని విల్సన్‌కు, అతని సోదరునికి అప్పగించాడు. 1824లో సోదరులిద్దరూ లండన్ చేరి అక్కడ టోపీల వ్యాపారం ప్రారంభించారు. 1832లో విల్సన్ వివాహం ఎలిజబెత్ ప్రెస్టన్‌తో జరిగింది. వీరికి ఆరుగురు కుమార్తెలు.

1837 నాటి ఆర్థిక సంక్షోభంలో విల్సన్ నీలిమందు ధరలపై పెట్టిన పెట్టుబడి దెబ్బతిని, సంపాదించినదంతా దాదాపుగా పోయింది. అయినా దివాలా ప్రకటించకుండా ఋణదాతలతో ఒప్పందం చేసుకొని బాకీలు తీర్చాడు. వారికి అప్పగించిన ఆస్తి ఒకటి అనుకున్న విలువ చేయలేదని తరువాత తెలిసినపుడు, చట్టరీత్యా బాధ్యత లేకపోయినా ఆ తేడాను తానే చెల్లించాడు. స్వయంగా వ్యాపారం చేసి నష్టపోయిన ఈ అనుభవం ఆయన ఆర్థిక రచనలకు బలాన్నిచ్చింది.

రచనలు, రాజకీయాలు

ఆ కాలంలో ఇంగ్లాండులో దిగుమతి ధాన్యంపై భారీ సుంకాలు ఉండేవి. వీటివల్ల భూస్వాములకు లాభమూ, సామాన్యులకు ఆహార భారమూ కలుగుతున్నాయని ఉద్యమం నడుస్తుండేది. 1839లో విల్సన్ ఈ ధాన్య చట్టాలపై ఒక చిన్న పుస్తకం ప్రచురించి పేరు తెచ్చుకున్నాడు. స్వేచ్ఛా వాణిజ్యాన్ని సమర్థించడానికి 1843లో "ది ఎకానమిస్ట్" వారపత్రికను స్థాపించి, తొలినాళ్ళలో అందులో అధికభాగం తానే వ్రాశాడు. 1846లో ధాన్య చట్టాలు రద్దయ్యాయి. అయితే ఐర్లండు కరువు కాలంలో ప్రభుత్వ సహాయ చర్యలను ఈ పత్రిక వ్యతిరేకించడం తరువాతి చరిత్రకారుల విమర్శకు గురైంది.

1847లో విల్సన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1848 నుండి 1852 వరకు భారత వ్యవహారాలను పర్యవేక్షించే బోర్డు ఆఫ్ కంట్రోల్‌కు కార్యదర్శిగాను, 1853 నుండి 1858 వరకు బ్రిటిషు ట్రెజరీకి ఆర్థిక కార్యదర్శిగాను పనిచేశాడు. 1853లో ఆయన స్థాపించిన చార్టర్డ్ బ్యాంకు 1858లో కలకత్తా, బొంబాయి, షాంఘై నగరాలలో శాఖలు తెరిచింది. 1969లో మరొక బ్యాంకుతో కలిసి ఇది స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకుగా మారింది.

భారతదేశానికి రాక

1857 తిరుగుబాటును అణచివేయడానికి అయిన సైనిక వ్యయం వల్ల భారత ఖజానా అప్పులలో మునిగిపోయింది. దీనిని సరిదిద్దడానికి గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో ఆర్థిక సభ్యుని పదవి ఏర్పరచి విల్సన్‌ను నియమించారు. ఈయన 1859 నవంబరులో కలకత్తా చేరి, వెంటనే ఉత్తర భారతదేశంలో పర్యటిస్తున్న గవర్నర్ జనరల్ కానింగ్‌ను కలుసుకోవడానికి వెళ్ళాడు.

1860 ఫిబ్రవరి 18న విల్సన్ భారతదేశపు మొదటి బడ్జెట్‌ను సమర్పించాడు. విలాస వస్తువులపై 20 శాతంగా ఉన్న దిగుమతి సుంకాన్ని 10 శాతానికి తగ్గించాడు. లోటును పూడ్చడానికి మూడు కొత్త పన్నులు ప్రతిపాదించాడు. అవి: ఆదాయపు పన్ను, వృత్తి వ్యాపారాలపై లైసెన్సు పన్ను, పొగాకుపై పన్ను. వర్తకుల నుండి రాజు పన్ను తీసుకోవడం ఈ దేశానికి కొత్త కాదని చూపడానికి మనుస్మృతిని కూడా ప్రస్తావించాడు. మూడింటిలో చివరకు అమలైనది ఆదాయపు పన్ను మాత్రమే.

1860 ఆదాయపు పన్ను చట్టం

ఈ చట్టం 1860 జూలై 24 నుండి అమలులోకి వచ్చింది. గడువు ఐదేళ్ళు. బ్రిటన్‌లో 1842లో పునరుద్ధరించిన పన్ను దీనికి నమూనా. యూరోపియన్లకు, భారతీయులకు ఒకే విధంగా వర్తించింది. ఆదాయాన్ని నాలుగు వర్గాలుగా విభజించారు:

* భూములు, ఇళ్ళ వంటి స్థిరాస్తుల నుండి వచ్చే ఆదాయం
* వృత్తులు, వ్యాపారాల లాభం
* ప్రభుత్వ ఋణపత్రాల వంటి వాటిపై వడ్డీ
* జీతాలు, పింఛన్లు

సంవత్సరానికి 200 రూపాయల లోపు ఆదాయంపై పన్ను లేదు. 200 నుండి 500 రూపాయల లోపు ఆదాయానికి 2 శాతం, 500, ఆపైన 4 శాతం పన్ను. ఈ 4 శాతంలో ఒక శాతం రోడ్లు, కాలువల వంటి ప్రజాపనులకు కేటాయించారు. నేటివలె అంచెలంచెలుగా కాక మొత్తం ఆదాయానికి ఒకే రేటు వర్తించేది. కాబట్టి 300 రూపాయల ఆదాయం గలవాడు 6 రూపాయలు, 1000 రూపాయల ఆదాయం గలవాడు 40 రూపాయలు చెల్లించాలి. 500 గీత దాటగానే పన్ను రెట్టింపయ్యేది.

జీతగాని ఆదాయం ఎంతో జీతపు పట్టీలోనే తెలుస్తుంది. వర్తకుని లాభం అతని ఖాతా పుస్తకాలు చూస్తేనే తెలుస్తుంది. తన ఆదాయమెంతో సర్కారుకు వ్రాసి ఇవ్వడం అనేది నాటి ప్రజలకు కొత్త. అందుచేత ఈ పన్ను చాలామందికి అనుమానాస్పదంగా తోచింది. బెంగాలు జమీందారులు శాశ్వత పరిష్కారం క్రింద తమ చెల్లింపు ఎప్పటికీ మారదన్న హామీ ఉన్నదని అభ్యంతరం తెలిపారు.

మద్రాసు గవర్నరుతో వివాదం

తీవ్రమైన వ్యతిరేకత ప్రభుత్వం లోపలి నుండే వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. దాని గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ లండన్ ట్రెజరీలో విల్సన్‌తో కలిసి పనిచేసినవాడు. ప్రాతినిధ్యం లేని ప్రజలపై కొత్త పన్నులు వేయడం ప్రమాదకరమని, సైనిక వ్యయం తగ్గిస్తే లోటు తీరుతుందని ట్రెవెల్యన్ వాదించాడు. తన అభ్యంతరాలను అనుమతి లేకుండా పత్రికలకు విడుదల చేశాడు. ఇది క్రమశిక్షణా రాహిత్యమని భావించి 1860లో లండన్ ప్రభుత్వం ఆయనను పదవి నుండి వెనక్కి పిలిపించింది. నిజాం పాలనలోని తెలంగాణా ప్రాంతం ఈ చట్ట పరిధిలోకి రాలేదు.

మరణం

చట్టం అమలులోకి వచ్చేనాటికే కలకత్తా వేసవి వల్ల విల్సన్ ఆరోగ్యం దెబ్బతిన్నది. పని పూర్తికాకుండా నగరం విడిచి వెళ్ళడానికి ఆయన ఇష్టపడలేదు. రక్త విరేచనాలతో 1860 ఆగష్టు 11న మరణించాడు. అప్పటికి చట్టం వచ్చి మూడు వారాలు కూడా నిండలేదు. ఆయన వయసు 55 సంవత్సరాలు. కలకత్తాలోని మల్లిక్ బజారు శ్మశానవాటికలో ఖననం చేశారు. చాలాకాలం మరుగునపడిన ఈ సమాధిని 2007లో ఒక ఆదాయపు పన్ను అధికారి గుర్తించాడు.

తరువాతి పరిణామాలు

విల్సన్ స్థానంలో శామ్యూల్ లైంగ్ వచ్చాడు. విల్సన్ ప్రతిపాదించిన ప్రభుత్వ కాగితపు కరెన్సీ కొన్ని మార్పులతో 1861 చట్టం ద్వారా అమలైంది. 1862లో 500 రూపాయల లోపు ఆదాయాలకు పన్ను మినహాయించారు. లైంగ్ తరువాత ఆర్థిక సభ్యునిగా వచ్చినవాడు ట్రెవెల్యనే కావడం విశేషం. 1863లో పన్ను రేటు 3 శాతానికి తగ్గింది. 1865లో గడువు తీరడంతో పన్ను రద్దయింది.

అయితే ఖజానా అవసరాలు దానిని మళ్ళీ తీసుకువచ్చాయి. 1886 చట్టం ఆదాయపు పన్నును స్థిరపరచి, వ్యవసాయ ఆదాయాన్ని మినహాయించింది. ఆ తరువాత 1922, 1961 చట్టాలు వచ్చాయి. 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యేలా 2025లో మరొక చట్టాన్ని ఆమోదించారు.

1860లో జీతాన్ని, వృత్తి ఆదాయాన్ని వేరుచేసిన పద్ధతి నేటికీ కొనసాగుతున్నది. ఉద్యోగంలో చేరినవారి జీతం పన్ను పరిధిలోకి వస్తే యజమాని ముందే పన్ను మినహాయించి వారి పేరున ప్రభుత్వానికి జమ చేస్తాడు. ఉద్యోగి రిటర్ను దాఖలు చేసేటపుడు ఆ మొత్తాన్ని చెల్లించవలసిన పన్నులో తగ్గించుకోవచ్చు. ఎక్కువ జమ అయితే వాపసు పొందవచ్చు. స్వయం ఉపాధి పొందేవారు సాధారణంగా రాబడి నుండి వ్యాపార ఖర్చులు తీసివేసి లాభాన్ని తామే లెక్కించుకోవాలి. సంవత్సరపు పన్ను బాకీ 10,000 రూపాయలు లేదా అంతకు మించితే సంవత్సరాంతం వరకు ఆగకుండా వాయిదాలలో ముందస్తు పన్ను కట్టాలి. పుస్తకాలు వ్రాసుకోవడం, రసీదులు దాచుకోవడం వీరికి అందువల్లనే ముఖ్యం.

విల్సన్ పెద్ద కుమార్తె ఎలీజా భర్త, ప్రముఖ రచయిత వాల్టర్ బేజట్ 1861 నుండి 1877 వరకు "ది ఎకానమిస్ట్" సంపాదకునిగా ఉన్నాడు. భారతదేశంలో ఆదాయపు పన్ను ప్రవేశపెట్టి 150 ఏళ్ళు నిండిన 2010 నుండి జూలై 24ను ఆదాయపు పన్ను దినోత్సవంగా పాటిస్తున్నారు.