ఇవాన్ క్రామ్‌స్కోయ్

రష్యాదేశమున వొరోనెజ్ మండలమునందు ఓస్త్రగోజ్‌స్క్ అను చిన్న పట్టణము కలదు. 1837వ సంవత్సరమున అచ్చట ఒక గుమాస్తా యింట ఇవాన్ క్రామ్‌స్కోయ్ జన్మించెను. కలిమి లేని కుటుంబమగుటచే అతడు చిన్ననాడే ఒక ఛాయాచిత్రకారుని కొలువున చేరి, ఊరూర తిరుగుచు, పటములకు మెరుగులు దిద్దుచు పొట్ట పోసికొనెను. ముఖమునందలి ప్రతి రేఖను పరికించు అలవాటు అతనికి అప్పుడే అబ్బినది కాబోలు!

1857లో అతడు పీటర్స్‌బర్గు నగరమందలి కళాపరిషత్తున విద్యార్థిగా ప్రవేశించెను. 1863లో స్వర్ణపతకపు పోటీకి పరిషత్తువారు ఉత్తరదేశపు పురాణములలోని దేవతల విందును చిత్రవస్తువుగా నిర్ణయించిరి. తమ మనసునకు నచ్చిన విషయమును ఎన్నుకొను స్వేచ్ఛను విద్యార్థులు కోరిరి; పెద్దలు అంగీకరింపలేదు. అంతట పదునలుగురు పోటీని త్యజించి వెడలిపోయిరి. వారికి నాయకుడు క్రామ్‌స్కోయ్. పతకముతోపాటు ప్రభుత్వవ్యయమున విదేశములకేగు భాగ్యమును వారు చేజేతుల వదలుకొనిరి. పిదప వారు ఒక సంఘముగా ఏర్పడి, దొరకిన పనిని కలసి చేసికొని జీవించిరి. 1870లో స్థాపితమైన సంచార చిత్రప్రదర్శన సంఘమునకును అతడు మూలపురుషులలో ఒకడు.

1872లో అతడు ఎడారియందలి క్రీస్తును చిత్రించెను. రష్యాదేశపు దేవాలయములలోని పటములందు క్రీస్తు శిరము చుట్టును బంగారు తేజోవలయము వెలుగుచుండును. ఈ చిత్రమున అది లేదు. చుట్టును బూడిదవన్నె రాళ్లు. వెనుక తెలతెలవారుచున్న ఆకాశము. వట్టి పాదములతో, చిక్కిన మోముతో, చేతులను బిగియబట్టి ఒక మనుష్యుడు కూర్చుండియున్నాడు. నలువది దినములుపవసించిన క్రీస్తును, రాళ్లను రొట్టెలుగా చేయుమని సైతాను శోధించినట్లు సువార్త చెప్పును. సైతాను ఇచ్చట కానరాడు. పోరాటమంతయు ఆ ముఖముననే, ఆ బిగిసిన వ్రేళ్లలోనే యున్నది. రాత్రి గడచినది, నిర్ణయము మిగిలియున్నది. దేవుని పటమును మనుష్యుని రూపచిత్రమువలె వ్రాయుట ఆనాడు సామాన్యమైన సాహసము కాదు. మాస్కో వర్తకుడు త్రెత్యకోవ్ దానిని ఆరువేల రూబుళ్లకు కొనెను. పరిషత్తువారు ఆచార్యపదవి నీయజూపగా క్రామ్‌స్కోయ్ నిరాకరించెను.

మరుసటి యేడు అతడు టాల్‌స్టాయ్ రూపమును చిత్రించెను. ప్రభువంశజుడైన ఆ రచయిత అందు సాదా అంగీతో కనబడును. ఆభరణములు లేవు, బిరుదులు లేవు. సూటియైన చూపు మాత్రమే కలదు.

జనులు క్రీస్తును పరిహసించు ఘట్టమును మహాపటముగా వ్రాయ సంకల్పించి క్రామ్‌స్కోయ్ యేండ్లకొలది శ్రమించెను. కుటుంబపోషణకై రూపచిత్రములు వ్రాయక తప్పకుండుటచే అది ముగియనే లేదు. 1887లో ఒక వైద్యుని రూపమును చిత్రించుచు, కుంచె చేతనుండగనే అతడు కూలి మరణించెను. అప్పటికి అతనికి యేబదియేండ్లయినను నిండలేదు. ఆ చిత్రమును అసంపూర్ణముగనే నిలిచిపోయెను.