మార్టిన్ లూథర్ కింగ్: బస్సు సీటు నుంచి సూపర్ మార్కెట్ ర్యాక్ దాకా.. చాలామందికి తెలియని పోరాటం ఇదీ

మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్.. ఈ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది 1963లో వాషింగ్టన్‌లో ఆయన చేసిన ప్రసంగం. బస్సులో సీటు, ఓటు హక్కు, నోబెల్ బహుమతి.. ఇవన్నీ స్కూల్ పుస్తకాల్లో చదివినవే. కానీ జీవితంలో చివరి ఆరేళ్లు ఆయన నడిపించిన మరో ఉద్యమం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. పాలు, బ్రెడ్డు, కూల్ డ్రింకుల చుట్టూ తిరిగిన ఉద్యమం అది. నల్లజాతీయుల జేబులోంచి డబ్బు తీసుకునే పెద్ద కంపెనీలు, అదే నల్లజాతీయులు తయారు చేసిన సరుకు ఎందుకు కొనవు? అక్కడ మొదలైంది అసలు గొడవ.

బ్యాంకులున్న వీధిలో పుట్టాడు

కింగ్ 1929 జనవరి 15న జార్జియా రాష్ట్రం అట్లాంటాలోని ఆబర్న్ అవెన్యూలో పుట్టారు. తండ్రి, తాత ఇద్దరూ పాస్టర్లే. ఆ వీధికి ఓ ప్రత్యేకత ఉంది. నల్లజాతీయులు నడిపే ఇన్సూరెన్స్ కంపెనీ, బ్యాంకు, పత్రిక, దుకాణాలు అన్నీ అక్కడే ఉండేవి. తెల్లవాళ్ల సంస్థల తలుపులు మూసుకుపోవడంతో వాళ్లే సొంతంగా కట్టుకున్న బజారు అది. కానీ ఆ వ్యాపారమంతా సొంత పేటకే పరిమితం. ఊళ్లోని పెద్ద కంపెనీల ఆర్డర్లు అటువైపు వచ్చేవి కావు.

చదువులో కింగ్ చురుకు. 1948లో మోర్‌హౌస్ కాలేజీలో డిగ్రీ, 1955లో బోస్టన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్. అదే ఏడాది డిసెంబర్‌లో అలబామాలోని మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ బస్సులో సీటు వదలనందుకు అరెస్టయ్యారు. దీంతో నల్లజాతీయులు బస్సులెక్కడం మానేశారు. 26 ఏళ్ల కింగ్ ఆ ఉద్యమానికి నాయకుడయ్యారు. 381 రోజులు బస్సులు ఖాళీగా తిరిగాయి. చివరికి వివక్షకు తెరదించింది సుప్రీంకోర్టు తీర్పే అయినా, కంపెనీ ఆదాయం ఎలా పడిపోయిందో ఊరంతా చూసింది. కస్టమర్ చేతిలోనూ ఆయుధం ఉందని అందరికీ అర్థమైంది.

ఫిలడెల్ఫియా ఫార్ములా

ఆ ఆయుధాన్ని పద్ధతిగా వాడి చూపించింది ఫిలడెల్ఫియా పాస్టర్ లియాన్ సలివాన్. 1960లో దాదాపు 400 మంది పాస్టర్లు ఆయనతో కలిసి టేస్టీ బేకింగ్ కంపెనీ కేకులు కొనొద్దని చర్చిల్లో చెప్పారు. కంపెనీ దిగొచ్చి నల్లజాతీయులకు మంచి ఉద్యోగాలిచ్చింది. కింగ్ ఆయన్ను అట్లాంటాకు పిలిపించారు. 1962లో అక్కడే ‘ఆపరేషన్ బ్రెడ్‌బాస్కెట్’ మొదలైంది.

పని చేసే తీరు చాలా సింపుల్. పాస్టర్ల కమిటీ ముందు కంపెనీ దగ్గరికి వెళ్లి లెక్కలు అడుగుతుంది. ఎంతమంది నల్లజాతీయులున్నారు? ఏ ఉద్యోగాల్లో ఉన్నారు? ఆ లెక్కలు చూశాక తమ కోరికలు ముందు పెడుతుంది. కంపెనీ ఒప్పుకుంటే సరే. లేదంటే ఆదివారం ప్రార్థనల్లో ఆ సరుకు కొనొద్దని ప్రకటన. అట్లాంటాలో కొన్ని కంపెనీలు బహిష్కరణ తర్వాత దారికొచ్చాయి. మరికొన్ని మాటలతోనే ఒప్పుకున్నాయి. 

షికాగోలో కొత్త డిమాండ్

1966 జనవరిలో కింగ్ షికాగోలోని లాండేల్ ప్రాంతంలో ఓ పాత అపార్ట్‌మెంట్‌లోకి మారారు. అప్పటికే పౌర హక్కుల చట్టం, ఓటు హక్కు చట్టం వచ్చేశాయి. కానీ ఉత్తరాదిలో సమస్య వేరు. అక్కడ బస్సులో ఎక్కడైనా కూర్చోవచ్చు. అద్దెలు మాత్రం ఎక్కువ, జీతాలు తక్కువ. పేటలో ఖర్చయిన డబ్బు సాయంత్రానికి బయటి బ్యాంకులకు వెళ్లిపోతుంది.

షికాగో బ్రెడ్‌బాస్కెట్ బాధ్యతను 24 ఏళ్ల జెస్సీ జాక్సన్‌కు అప్పగించారు. మొదట ఓ డెయిరీ కంపెనీ నుంచి 44 ఉద్యోగాలు సాధించారు. ఆ తర్వాతే అసలు మలుపు. ఉద్యోగాలు మాత్రమే సరిపోవని, నల్లజాతీయుల కంపెనీల సరుకు సూపర్ మార్కెట్ ర్యాకుల్లో కనిపించాలని డిమాండ్ పెట్టారు. అలా జో లూయిస్ పాలు, గ్రోవ్ ఫ్రెష్ ఆరెంజ్ జ్యూస్, మంబో బార్బెక్యూ సాస్, పార్కర్ హౌస్ సాసేజ్‌లు పెద్ద స్టోర్లలోకి వచ్చాయి. పేటలోని స్టోర్ల వసూళ్లు నల్లజాతీయుల బ్యాంకుల్లో వేయాలని, చెత్త తరలింపు కాంట్రాక్టులు, పత్రికా ప్రకటనలు కూడా వాళ్లకే ఇవ్వాలని పట్టుబట్టారు.

ఎందుకింత పట్టుదల? చిన్న తయారీదారుకు పెద్ద ఆర్డర్ లేనిదే బ్యాంకు అప్పు పుట్టదు. అప్పు లేకపోతే మిషన్లు కొనలేడు, సరుకు పెంచలేడు. సరుకు తక్కువుందని పెద్ద స్టోరు ఆర్డరివ్వదు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. ఆర్డర్ దగ్గరే తెంచాలన్నది బ్రెడ్‌బాస్కెట్ లెక్క. తొలి 15 నెలల్లో షికాగోలో 2,000 ఉద్యోగాలు, ఏటా కోటిన్నర డాలర్ల ఆదాయం వచ్చాయి.

అయితే అంతా సాఫీగా ఏమీ సాగలేదు. సంతకం పెట్టి అమలు మర్చిపోయిన కంపెనీలూ ఉన్నాయి. లాభమంతా వ్యాపారులకే కానీ అట్టడుగు పేదకు ఏం దక్కిందన్న విమర్శా వచ్చింది. ఈ సంగతి కింగ్‌కూ తెలుసు. అందుకే చివరి రోజుల్లో అన్ని జాతుల పేదలతో వాషింగ్టన్‌లో భారీ ఉద్యమానికి సిద్ధమయ్యారు.

మెంఫిస్‌లో చివరి రాత్రి

ఈలోగా మెంఫిస్‌లో 1,300 మంది పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. చెత్త లారీలో నలిగి ఇద్దరు చనిపోవడమే అందుకు నిప్పురవ్వ. 1968 ఏప్రిల్ 3 రాత్రి కింగ్ అక్కడ మాట్లాడారు. ఆ ప్రసంగంలో మరణం ప్రస్తావన గురించే అందరూ చెబుతారు. కానీ అందులో లెక్కల మాట కూడా ఉంది. కోకాకోలా సహా కొన్ని కంపెనీల డ్రింకులు, పాలు, బ్రెడ్డు కొనొద్దన్నారు. డబ్బును నల్లజాతీయులు నడిపే ట్రై-స్టేట్ బ్యాంకులోకి మార్చమన్నారు. మర్నాడు సాయంత్రం లొరైన్ మోటల్ బాల్కనీలో తుపాకీ తూటాకు బలయ్యారు. అప్పటికి ఆయన వయసు 39.

ఆ తర్వాత ఏమైంది?

1969లో అధ్యక్షుడు నిక్సన్ మైనారిటీ వ్యాపారాల కోసం ప్రత్యేక ఆఫీసు పెట్టారు. 1972లో పెద్ద కంపెనీలను, మైనారిటీ సప్లయర్లను కలిపే జాతీయ కౌన్సిల్ ఏర్పడింది. కంపెనీలో 51 శాతం వాటా, నిర్వహణ మైనారిటీల చేతిలో ఉంటే సర్టిఫికెట్ ఇవ్వడం దాని పద్ధతి. ఆ జాబితాలో భారత మూలాలున్న అమెరికా పౌరులూ ఉన్నారు. అంటే అమెరికాలో స్థిరపడి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన తెలుగువారు కూడా ఆ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. షికాగో ర్యాకుల్లో పాలు, సాస్ సీసాల కోసం పాస్టర్లు చేసిన బేరానికి ఇది కొనసాగింపే.